తల దెబ్బ కేసుల్లో రాజీకి తొందరపడకండి

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్లో రోజూ రోడ్డు ప్రమాదాల వార్తలు వస్తుంటాయి. ఒకరు చనిపోయారు, ఇద్దరికి తీవ్ర గాయాలు, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు, అక్కడితో వార్త అయిపోతుంది. చనిపోయినవాళ్ళ ఊరు, వయసు, పిల్లలెంతమంది అన్నీ రాస్తారు. గాయపడ్డవాళ్ళు తర్వాత ఏమయ్యారో మాత్రం మళ్ళీ ఎక్కడా కనపడదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది అయితే గాయపడ్డవాళ్ళు 4,43,366 మంది. వాళ్ళలో తలకు దెబ్బ తగిలి, ప్రాణం దక్కి, ఇంటికొచ్చాక మునుపటి మనిషి కాకుండా పోయినవాళ్ళు కూడా ఉంటారు కదా, వాళ్ళ గురించి రాయాలనే ఈ ఉత్తరం. మా ఇంట్లోనే అలాంటివాడు ఒకడున్నాడు. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది, కత్తిరించాల్సి వస్తే మా ఇంటి గొడవ కత్తిరించండి, కోర్టు సంగతులు మాత్రం ఉంచండి, అవి ఎవరికైనా పనికొస్తాయి.

మాది మదనపల్లె వైపు, చాలా ఏళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా బావమరిది టైల్స్ మేస్త్రీ. 2022లో ఒక రాత్రి పని ముగించుకుని బైకు మీద వస్తుంటే వెనకనుంచి వాటర్ ట్యాంకర్ గుద్దింది. వేసవిలో ఈ ఊళ్ళో ట్యాంకర్లు ఎలా పరిగెడతాయో ఇక్కడుండేవాళ్ళకు చెప్పక్కర్లేదు, ట్రిప్పుకింత అని డబ్బులు కాబట్టి డ్రైవరుకు బ్రేకు గుర్తు రాదు. హెల్మెట్ ఉంది, చేతులకూ కాళ్ళకూ గీతలు తప్ప ఏమీ కాలేదు. కానీ తలలో రక్తస్రావమైంది. మెదడు వాచిపోతోందని పుర్రె ఎముక ఒక పక్క తీసేసి, ఆ ముక్కను పొట్ట చర్మం కింద దాచి, వాపు తగ్గాక ఇంకో ఆపరేషన్ చేసి మళ్ళీ తలకు అమర్చారు. తల ఎముక పొట్టలో ఉందంటే మా అత్తగారు నమ్మలేదు, డాక్టరు అక్కడ వేలు పెట్టి చూపించేదాకా.

ఇప్పుడు వాడు నడుస్తాడు, తింటాడు, పలకరిస్తే నవ్వుతాడు. చూసినవాళ్ళు దేవుడి దయ, బాగైపోయాడు అంటారు. కానీ నాలుగు వరసల టైల్స్ వేయమంటే మూడో వరసకల్లా లెవెల్ తప్పుతుంది, స్పేసర్లు పెట్టడం మర్చిపోతాడు, సిమెంటు కలిపి పెట్టుకుని ఫోనొస్తే మాట్లాడుతూ అటే వెళ్ళిపోతాడు, అది తట్టలో గట్టిపడ్డాక కూడా గుర్తు రాదు. పొద్దున పాల ప్యాకెట్‌కి పంపితే తెచ్చిపెట్టి, కాసేపయ్యాక మళ్ళీ చెప్పులేసుకుని పాలకే బయల్దేరతాడు. చిన్న మాటకే పిల్లాడి మీద చెయ్యెత్తుతాడు, ఆ వెంటనే తనే కూర్చుని ఏడుస్తాడు. ఇదివరకు ఇంట్లో గొంతెత్తి ఎరగనివాడు. మెదడు ముందు భాగం దెబ్బతింటే ఇలా కోపం, తొందరపాటు, ఒక పని తర్వాత ఒక పని వరసగా చేసుకోలేకపోవడం వస్తాయని డాక్టరు చెప్పేదాకా, వీడికి తాగుడు అలవాటైనట్టుందని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. అలాంటి మనిషికి నష్టపరిహారం ఇప్పించాలంటే కోర్టులో ఏం చూపించాలి? విరిగిన కాలైతే ఎక్స్‌రే చూపించొచ్చు. దీనికి ఏముంది చూపించడానికి? ఆ చిక్కు గురించే నేను చెప్పాలనుకుంటున్నది.

ఆస్పత్రి క్యాజువాలిటీలో గడిచే మొదటి గంటలోనే కేసు సగం తయారైపోతుంది, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తెలీదు. వాణ్ణి ఆస్పత్రికి తీసుకొచ్చింది వాడితో పనిచేసే కుర్రాడు. అక్కడివాళ్ళు కన్నడంలో, ఇంగ్లీషులో గబగబా అడిగితే ఆ టెన్షన్‌లో "బండి మీంచి పడిపోయాడు సార్" అన్నాడు. డ్యూటీ డాక్టరు స్కిడ్ అయి పడ్డాడు అని కేసు షీట్‌లో రాసుకున్నాడు. తర్వాత ట్యాంకర్ ఇన్సూరెన్స్ కంపెనీ పట్టుకున్నది ఆ ఒక్క లైనునే. వేరే వాహనం ఏదీ లేదు, తనే పడ్డాడు, ట్యాంకర్‌ను తర్వాత కావాలని ఇరికించారు అని వాదన. టీ కొట్టాయన నంబరు చూసి ఉండటం, పక్క హార్డ్‌వేర్ షాపు సీసీ కెమెరాలో కొంత పడటం, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో ట్యాంకర్ ముందు బంపర్ సొట్ట రాసి ఉండటం వల్ల మేం గట్టెక్కాం. దొంగ క్లెయిములు లేవని నేననను, ఉన్నాయి, వాటివల్లే కంపెనీలకు అంత అనుమానం. కానీ ఆ అనుమానమంతా వచ్చి పడేది, భాష రాక, బెదిరిపోయి, నోటికొచ్చిన మాట చెప్పిన పనివాళ్ళ మీద.

అందుకని ఎవరు తీసుకెళ్ళినా సరే ఫలానా వాహనం గుద్దింది అన్నది మొదటి మాటగా చెప్పాలి, నంబరు తెలియకపోయినా చెప్పాలి, ఎంఎల్‌సీ (పోలీసు కేసు కిందికొచ్చే గాయమని ఆస్పత్రివాళ్ళు చేసే నమోదు) రాశారా అని అడగాలి. తప్పు రాశారని తర్వాత తెలిస్తే అప్పుడే కాగితం మీద రాసిచ్చి సరిచేయమనాలి, ఆరు నెలలయ్యాక కాదు. ఎఫ్ఐఆర్ ఆలస్యమైతే ఎందుకైందో అందులోనే రాయించాలి. మనిషి ఐసీయూలో ఉంటే ఎవరూ స్టేషన్‌కి పరిగెత్తరు, ఆ సంగతి కోర్టులకూ తెలుసు, కానీ కారణం ఎక్కడా రాసి లేకపోతే అవతలి లాయరు దాన్ని వేరేగా చెప్తాడు. ఒక ఊరట ఏమిటంటే ప్రమాదాల నష్టపరిహారం తేల్చే ఈ ట్రిబ్యునళ్ళలో క్రిమినల్ కేసుకు కావాల్సినంత రుజువు అక్కర్లేదు, ఇలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది అనిపిస్తే చాలు. డ్రైవరు మీద క్రిమినల్ కేసు కొట్టేసినా క్లెయిమ్ కేసు దానంతట అది పోదు.

గుద్దిన వాహనం ఏదో అసలు తెలియకపోతే మాత్రం దారి ఇరుకు. హిట్ అండ్ రన్ పథకం కింద 2022 ఏప్రిల్ నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు, అంతే. మెదడు ఆపరేషన్ చేయించుకున్నవాడికి ఆ 50 వేలు ఏ మూలకి? 2025 మే నుంచి కేంద్రం క్యాష్‌లెస్ వైద్యం పథకం తెచ్చింది, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా. మంచిదే, మొదటి గంటల్లో అడ్వాన్సు కట్టమని ఆపకుండా ఉంటే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. కానీ వెంటిలేటర్ మీద ఉన్నవాడికి ఆ మొత్తం ఎన్నాళ్ళు వస్తుందో బిల్లు కట్టినవాళ్ళకు తెలుసు.

ఇక గడువు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన మార్పు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, సెక్షన్ 166 కింద క్లెయిమ్ పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వేయాలి. అంతకుముందు పాతికేళ్ళకు పైగా గడువన్నదే లేదు. దీని మీద సుప్రీంకోర్టు దాకా కేసులు వెళ్ళాయి, కానీ వాటిని నమ్ముకుని కూర్చోవద్దని మా లాయరు గట్టిగా చెప్పాడు. నా మటుకు నాకు తల దెబ్బల విషయంలో ఈ ఆరు నెలలు అన్యాయంగానే అనిపిస్తుంది. కాలు విరిగినవాడికి ఆరు నెలల్లో ఎంత నష్టమో తెలుస్తుంది, మెదడు దెబ్బ తిన్నవాడు ఆరు నెలలకు ఇంకా తన పిల్లల పేర్లు తడుముకుంటుంటాడు. పిటిషన్ వేయడానికి మనిషి స్పృహలో ఉండక్కర్లేదు, సంతకం పెట్టే స్థితిలో లేకపోతే భార్యో తండ్రో వాడి తరఫున వేయొచ్చు. ఈ మాట మాకు ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు, వాడు లేచి కూర్చున్నాక చూద్దాంలే అనుకునేవాళ్ళే ఎక్కువ.

పోలీసులకూ ఒక బాధ్యత ఉంది. 2022 నుంచి అమలైన నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో వివరమైన రిపోర్టు ట్రిబ్యునల్‌కి పంపాలి. పంపారా అని స్టేషన్‌లో అడగడంలో తప్పేమీ లేదు. గట్టిగా కాదు, మర్యాదగానే అడగండి, స్పాట్ మహజర్ (ప్రమాదం జరిగిన చోట రాసే పంచనామా), ఛార్జ్‌షీట్, వూండ్ సర్టిఫికెట్ (గాయాల సర్టిఫికెట్) నకళ్ళు అక్కడినుంచే రావాలి కదా.

కేసు ఎక్కడ వేయాలన్నది మన తెలుగువాళ్ళు చాలామంది అడుగుతారు. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, గాయపడ్డవాళ్ళు నివాసముండే చోటైనా, అవతలి పార్టీ ఉండే చోటైనా వేయొచ్చు. బెంగళూరులో ప్రమాదం జరిగి మనిషిని మదనపల్లెకో హిందూపురానికో తీసుకెళ్ళిపోతే అక్కడి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు, చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన మనిషిని ప్రతి వాయిదాకీ బస్సెక్కించే పని తప్పుతుంది. కానీ ఒక ఇబ్బంది ఉంది. వైద్యం చేసిన డాక్టర్లు ఇక్కడుంటారు, సాక్ష్యానికి అంత దూరం రమ్మంటే రారు, పోలీసు కాగితాలన్నీ కన్నడంలో ఉంటాయి, వాటిని తర్జుమా చేయించాలి. అందుకే మేం ఇక్కడే, స్మాల్ కాజెస్ కోర్టులో వేశాం, బెంగళూరులో ఈ క్లెయిములు ఆ కోర్టులోనే నడుస్తాయి. వైద్యం ఇక్కడే కొనసాగుతుంటే ఇక్కడే మేలని నేనంటాను, మీ ఇష్టం.

ఇప్పుడు అసలైన చోటికి వస్తాను. మా వాణ్ణి బోనులో నిలబెట్టి ఇన్సూరెన్స్ తరఫు లాయరు అడిగినవి ఇవి. పేరేంటి, ఊరేంటి, పిల్లలెంతమంది, ఇవాళ కోర్టుకి ఎలా వచ్చావు? అన్నింటికీ వాడు టకటకా చెప్పాడు. బస్సులో వచ్చా సార్ అన్నాడు. బస్సులో వచ్చాడు, ప్రశ్నలన్నీ అర్థం చేసుకుని జవాబు చెప్పాడు అని రికార్డులోకి ఎక్కింది. ఏ బస్సు, ఎక్కడ దిగాలి, టికెట్ ఎంత, పక్కన ఎవరున్నారు అని ఒక్కటి అడిగి ఉంటే అక్కడే తేలిపోయేది, ఎందుకంటే భార్య చెయ్యి పట్టుకుని ఎక్కించి దించింది, వాడు కిటికీలోంచి చూస్తూ వచ్చాడు. మా వైపు నుంచీ ఎవరూ అడగలేదు. పాత జ్ఞాపకాలు, పేర్లు, ఊళ్ళు ఇలాంటి దెబ్బల్లో చాలామందికి చెక్కుచెదరవు, పోయేది కొత్త విషయం నిలుపుకోవడం, పని క్రమం, నిగ్రహం. ఐదు నిమిషాల క్రాస్‌లో అవేవీ బయటపడవు.

అంగవైకల్యం శాతం కథ ఇంకోటి. ఆపరేషన్ చేసిన డాక్టరు కోర్టుకు రాలేదు. వేరే డాక్టరు ఒకసారి చూసి సర్టిఫికెట్ ఇచ్చాడు, చివరికి ట్రిబ్యునల్ 20 శాతం తీసుకుంది. ఆ శాతానికి ఎంత విలువుందో లెక్క వేసి చూపిస్తాను, గుండ్రంగా నెలకు 15 వేలు ఆదాయం అనుకుందాం. మేస్త్రీలకు పే స్లిప్పులుండవు, కోర్టు ఊహించి వేసేదే. 40 ఏళ్ళలోపు సొంతంగా పనిచేసుకునేవాడికి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, దాన్ని గాయాల కేసులకూ వర్తింపజేస్తూ 2020లో ఇంకో తీర్పు వచ్చింది. అంటే నెలకు 21 వేలు, ఏడాదికి 2,52,000. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 31 నుంచి 35 ఏళ్ళ వయసుకి గుణకం, అంటే ఏడాది సంపాదనను హెచ్చవేయాల్సిన అంకె, 16. మొత్తం 40,32,000. ఇది పూర్తిగా పనికి దూరమైనవాడికి. 20 శాతం అంటే 8,06,400, అదే 60 శాతం అంటే 24,19,200. చూశారా, యాక్సిడెంట్ ఒకటే, మనిషి ఒకడే, ఒక్క అంకె మారితే పదహారు లక్షల తేడా. ఇల్లు అమ్ముకోవాలా అక్కర్లేదా అన్నది ఆ అంకె దగ్గర తేలుతుంది.

అసలు ఒంట్లో ఎంత శాతం దెబ్బ తిన్నదన్నది వేరు, సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది వేరు అని సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టంగా చెప్పింది. ఎడమ చెయ్యి పోయినవాడు డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టు, ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు అని ఉదాహరణ కూడా ఆ తీర్పులోనే ఉంది. అంటే ట్రిబ్యునల్ అడగాల్సింది ఈ టైల్స్ మేస్త్రీ ఇక టైల్స్ వేయగలడా అని. వాడు వేయలేడు. కూలికి సిమెంటు మోయగలడు, అదీ పక్కన ఇంకొకరు చెప్తూ ఉంటే.

తల దెబ్బకు కోర్టులు న్యాయం చేయవని కాదు. హర్యానాలో 2007లో ట్రాక్టర్ మీద అమ్మానాన్నలతో వెళ్తున్న 12 ఏళ్ళ పాపను లారీ గుద్దింది, తలకు దెబ్బ తగిలి తెలివి పసిబిడ్డ స్థాయిలో ఆగిపోయింది. ట్రిబ్యునల్ 11.08 లక్షలు ఇచ్చింది, హైకోర్టు 25.78 లక్షలు చేసింది, 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 62.27 లక్షలు ఇప్పించింది. ఆ తీర్పులో నాకు నచ్చింది మొత్తం కాదు, ఆ పాపను చూసుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలని గుర్తించి, వాళ్ళ జీతాన్ని కూడా గుణకంతో లెక్కగట్టడం. మన ఇళ్ళలో ఆ పని తల్లో భార్యో ఊరికే చేస్తుంది, ఊరికే చేస్తుంది కాబట్టి ఎవరూ అడగరు. మా బావమరిది భార్య, నాకు చెల్లెలి వరస, ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి వీణ్ణి చూసుకుంటోంది. పిటిషన్‌లో అటెండెంట్ ఖర్చు అని ఆస్పత్రిలో ఉన్న రోజులకే రాశారు, ఆ తర్వాత జీవితమంతా ఎవరు చూస్తారన్నది రాయలేదు. పిటిషన్ వేసేటప్పుడే ఇవన్నీ అడగండి, ముందుముందు అయ్యే మందుల ఖర్చు, ఫిట్స్ మాత్రలు, ఫిజియో, స్పీచ్ థెరపీ, మనిషి సాయం. నోరు తెరిచి అడగనిదాన్ని కోర్టు తనంతట తాను వెతికి ఇవ్వడం అరుదు.

మరి కనపడని దెబ్బను కోర్టుకి ఎలా చూపించాలి? సీటీ స్కాన్ నార్మల్ అని ఉంటే ఏమీ కాలేదని కాదు, మెదడులోని సన్నటి నరాల పోగులు అదురుకి చిరిగిపోతే సీటీలో కనపడకపోవచ్చు, ఎమ్మారైలో దొరకొచ్చు. డిశ్చార్జ్ సమ్మరీలో గ్లాస్గో కోమా స్కేల్ అంకె ఉంటుంది, 3 నుంచి 15 దాకా. 8, అంతకు తక్కువైతే తీవ్రం, 13, అంతకు ఎక్కువైతే తేలికపాటి దెబ్బ కింద రాస్తారు. అది ఆ రోజు స్పృహ ఎంతుందో చెప్పే కొలత, రేపు పని చేసుకోగలడా లేదా చెప్పేది కాదు, ఈ తేడా డాక్టరు చేత సాక్ష్యంలో చెప్పించాలి. వీటన్నిటికంటే గట్టి కాగితం న్యూరోసైకాలజీ పరీక్ష రిపోర్టు. జ్ఞాపకం, ఏకాగ్రత, ఒక పనిని ప్లాన్ చేసుకునే శక్తి, వేగం, ఒక్కొక్కటి విడిగా కొలుస్తారు. ఈ ఊళ్ళో హోసూరు రోడ్డు మీద మెదడు, మనసు జబ్బుల ఆస్పత్రి నిమ్హాన్స్ ఉంది, మన దేశంలోని మనుషులకు సరిపోయేలా అలాంటి పరీక్షల సెట్టును 2004లో తయారుచేసింది వాళ్ళే. దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు, తొందరగా తేదీ దొరకదు, అయినా పట్టు వదలకండి. పరీక్ష చేసేవాళ్ళకు తెలుగొచ్చా అని ముందే కనుక్కోండి, రాని భాషలో పరీక్ష పెడితే వచ్చే మార్కులు దెబ్బవల్లనో భాషవల్లనో తేల్చడం కష్టం, అవతలి లాయరు వదిలిపెట్టడు. మాకిది ట్రిబ్యునల్ తీర్పు తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ రిపోర్టు పట్టుకుని హైకోర్టులో అప్పీలు వేశాం, అప్పీలుకి గడువు 90 రోజులు.

ఇంకో కాగితం ఇంట్లోనే తయారవుతుంది. మా లాయరు దగ్గర పనిచేసే జూనియర్ అమ్మాయి చెప్పింది, ఒక నోటుబుక్‌లో తేదీ వేసి రాయమని. గ్యాస్ ఆన్ చేసి మర్చిపోయాడు, ఫలానా ఇంట్లో పనికి పెట్టుకుని రెండో రోజే మానిపించారు, ఫిట్స్ వచ్చాయి, పిల్లాణ్ణి కొట్టాడు. పిల్లాణ్ణి కొట్టాడని రాయడానికి వాడి భార్య చాలా రోజులు ఒప్పుకోలేదు, మొగుడి పరువు కోర్టులో పెట్టడమని. ఆ బాధ నాకర్థమవుతుంది. కానీ మన పరువు కోసం దాచినవన్నీ అవతలివాళ్ళ లెక్కలో బాగైపోయినట్టే.

రాజీ గురించి. ఇన్సూరెన్స్ కంపెనీలు లోక్ అదాలత్‌కి ముందు ఒక మొత్తం చెప్తాయి. అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్నప్పుడు చేతికొచ్చే చెక్కు ఎంత తీపో నాకు తెలుసు, మా మామగారు ఒప్పేసుకుందామని పట్టుబట్టారు. లోక్ అదాలత్ మంచి ఏర్పాటే, చెయ్యి విరిగి అతుక్కున్నవాడు, బిల్లులన్నీ తేలిపోయినవాడు వెళ్ళి తేల్చుకోవచ్చు. తల దెబ్బకు మాత్రం తొందరొద్దు, ఎందుకంటే అక్కడ సంతకం పెట్టాక అప్పీలు లేదు. మా వీధిలో ఫుడ్ డెలివరీ చేసే కడప కుర్రాడు ఒకడు ఇలాగే త్వరగా రాజీ చేసుకున్నాడు, పెళ్ళి ఖర్చులకు పనికొస్తాయని. ఆ తర్వాత వాడికి ఫిట్స్ మొదలయ్యాయి. తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్ళలో ఫిట్స్ నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత కూడా రావచ్చని డాక్టర్లు చెప్తారు. ఇప్పుడు బండి నడపకూడదు, మందులు మానకూడదు, రాజీ అయిన కేసు తెరుచుకోదు. కేసు తొందరగా వేయండి, రాజీ నిదానంగా చేసుకోండి, కనీసం ఇక ఇంతకంటే మెరుగుపడడని డాక్టరు రాసిచ్చేదాకా ఆగండి. వడ్డీ పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కగడతారు కాబట్టి ఆగినందుకు పూర్తిగా నష్టం లేదు.

లాయర్ల సంగతి రాయకపోతే ఈ ఉత్తరం సగమే. ఆస్పత్రి గేటు దగ్గర టీ తాగుతుంటే ఎవరో వచ్చి తెలుగులోనే పలకరిస్తాడు, ఏ ఊరన్నా అంటాడు, ఖర్చంతా మాదే, వచ్చినదాంట్లో ఇంత పర్సెంట్ ఇస్తే చాలు అంటాడు. వచ్చే సొమ్ములో వాటా ఒప్పందం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధనలే చెప్తున్నాయి. చేతిలో పైసా లేనివాళ్ళు దానికి ఒప్పుకున్నారని నేను తప్పుపట్టను, కానీ ఖాళీ కాగితాల మీద, బ్యాంకు ఫారాల మీద సంతకాలు మాత్రం పెట్టొద్దు. ఆడవాళ్ళకు, వికలాంగులకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెట్టే 1987 నాటి చట్టం ఉంది. హెల్ప్‌లైన్ 15100. ఇక్కడి రాష్ట్ర లీగల్ సర్వీసెస్ అథారిటీ సిద్ధయ్య రోడ్డులో న్యాయ దేగుల భవనంలో ఉంది. ఉచిత లాయరు సరిగా పట్టించుకోడని అందరూ అంటారు, కొందరు నిజంగానే పట్టించుకోరు, డబ్బులు తీసుకున్నవాళ్ళు మాత్రం అందరూ పట్టించుకుంటున్నారా ఏంటి.

రోడ్డు కాకుండా వేరే నిర్లక్ష్యాలూ ఉన్నాయి, అవి క్లుప్తంగా. సైటులో సారవ మీంచి పడ్డ కూలీకి కాంట్రాక్టరు నాలుగు డబ్బులు చేతిలో పెట్టి ఊరి బస్సెక్కించేస్తాడు. ఆ పని ఎవరిదో ఆ అసలు యజమాని కూడా బాధ్యుడు కావచ్చు, ఇందులో ఎవరి తప్పన్నది పెద్దగా తేల్చక్కర్లేదు, పనిలో ఉండగా జరిగిందని చూపిస్తే చాలు. ఇలాంటి పరిహారం ఇప్పించే 1923 నాటి చట్టం ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లో కలిసింది. ఆస్పత్రి నిర్లక్ష్యమైతే వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ళలో వెళ్ళాలి. తల దెబ్బ తగిలి వచ్చినవాడు కాసేపు బాగానే మాట్లాడి, తర్వాత లోపల రక్తం గడ్డకట్టి పడిపోవడం డాక్టర్లందరికీ తెలిసిన విషయమే, వాంతులవుతున్నా స్కాన్ తీయకుండా మాత్రలిచ్చి పంపేస్తే ప్రశ్నించొచ్చు. అయితే ఫలితం బాగా రాలేదని మాత్రమే కేసు నిలబడదు, ఇంకో డాక్టరు అభిప్రాయం ఉంటే తప్ప. గుంతలో పడ్డవాళ్ళది అన్నిటికంటే కష్టమైన దారి. 2013 నుంచి 2017 మధ్య రోడ్డు గుంతల వల్ల 14,926 మంది చనిపోయారన్న లెక్క సుప్రీంకోర్టు ముందుకే వచ్చింది. 2019 సవరణలో రోడ్డు వేసినవాళ్ళ మీద లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టారు, అది విధిస్తే కదా. 2025 అక్టోబరులో బాంబే హైకోర్టు గుంతల వల్ల మరణానికి 6 లక్షలు, గాయాలకు 50 వేల నుంచి 2.5 లక్షల దాకా ఇవ్వాలని చెప్పింది, సొమ్ము బాధ్యులైన అధికారుల, కాంట్రాక్టర్ల నుంచి రాబట్టాలని కూడా. ఇక్కడ మన ఊళ్ళో ఒక కార్పొరేషన్ పోయి ఐదు వచ్చాయి, గుంత ఏ కార్పొరేషన్‌దో తేల్చుకునేసరికే పుణ్యకాలం కాస్తా అయిపోతుంది.

సంపాదకులు గారూ, నా విన్నపం ఒకటే. ప్రమాదం వార్త పక్కన చిన్న అక్షరాల్లో అయినా ఆరు నెలల గడువు సంగతి, 15100 నంబరు వేయండి, మీ పేపర్ ఆస్పత్రి వార్డుల్లో చేతులు మారి చదువుతారు. ఇది చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా ఇప్పుడే ఒక మనిషి తలకు కట్టుతో ఉంటే, డిశ్చార్జ్ రోజున సమ్మరీ ఒక్కటే తీసుకుని వచ్చేయకండి, కేసు షీట్ మొత్తం, స్కాన్ ఫిల్ములు, ఆపరేషన్ నోట్స్ నకళ్ళు కావాలని రాసివ్వండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది, రికార్డు ఉంచాల్సింది మూడేళ్ళే కాబట్టి కేసు విచారణకు వచ్చేదాకా ఆగితే అవి దొరకకపోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కె.ఆర్.పురం, బెంగళూరు